మోటారు ఎప్పుడు ఆగుతుంది?

ఏటా డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆ వారమంతా హనుమకొండలో ర్యాలీలు, ప్లకార్డులు, బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు. ఒక ఏడాది ఆ వ్యాసాలు దిద్దే పని నా నెత్తిన పడింది. పేర్లు వేరు, చేతిరాతలు వేరు, వ్యాసం మాత్రం అందరిదీ ఒకటే: గది దాటేటప్పుడు లైటు ఆర్పాలి, ఫోను నిండగానే ఛార్జర్ తీసేయాలి, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడరాదు. టీచరు చెప్పింది రాశారు, వాళ్లను అనడానికి ఏమీ లేదు. ఒక్క పిల్లవాడు మాత్రం మధ్యలో దారి తప్పాడు. "మా పొలం దగ్గర మోటారు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో మా నాన్నకు కూడా తెలియదు" అని రాసి, వెంటనే మళ్లీ ఛార్జర్ దగ్గరికి వచ్చేశాడు. అతనికి మొదటి బహుమతి ఇద్దామన్నాను. అక్షరదోషాలు ఎక్కువని మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలు ఒప్పుకోలేదు.

లెక్క చూస్తే అతని పక్షాన నిలబడక తప్పదు. స్మార్ట్‌ఫోనును ఏడాది పొడవునా రోజూ నిండుగా ఛార్జ్ చేసినా అయ్యేది 6, 7 యూనిట్లు. 5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు లాగుతుంది. ఆ పిల్లవాడు ఏడాదంతా ఛార్జర్ తీసి తీసి మిగిల్చినదంతా వాళ్ల నాన్న మోటారు ఒక తెల్లవారుజామున రెండు గంటలు ఊరికే తిరిగితే చెల్లు. అయినా మన ప్రచారమంతా ఛార్జర్ చుట్టే తిరుగుతుంది. ఎందుకంటే ఛార్జర్ గురించి మాట్లాడితే ఎవరికీ కోపం రాదు.

మోటారు అలా ఎందుకు తిరుగుతుంది? రైతుకు పట్టింపు లేక అని పట్నంలో చాలామంది అనుకుంటారు. పరకాల వైపు మా చిన్నాయనకు ఆరెకరాల పొలం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి 7 గంటల కరెంటు అన్న రోజుల్లో ఆ 7 గంటలు ఒక్కసారిగా వచ్చేవి కావు. పగలు కొంత, అర్ధరాత్రి దాటాక కొంత. చేతిలో టార్చిలైటు, కాళ్ల కింద గట్టు మీద పాములు, తడి చేతులతో ముట్టుకుంటే ప్రాణం తీసే స్టార్టర్ డబ్బా. రాత్రి మోటారు వేయడానికి వెళ్లి తిరిగి రాని రైతుల గురించి ఆ రోజుల్లో జిల్లా పేజీలో తరచూ వార్త ఉండేది. ఆ భయంలోంచి వచ్చింది ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలవుతుంది, రైతు ఇంట్లో పడుకోవచ్చు. దాన్ని కొన్న రైతు తెలివిగల పనే చేశాడు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఇప్పుడు అదే డబ్బా అర్థం మారిపోయింది. కరెంటు పోనప్పుడు ఆటో స్టార్టర్ ఉన్న మోటారు ఆగదు. మడి నిండి, గట్టు తెగి, నీళ్లు పక్కవాడి చేలోకి పోయినా ఆగదు. ఎప్పుడైనా లైను ట్రిప్పయి తిరిగి వస్తే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఈ సంగతి అధికారులకు ముందే తెలుసు. 24 గంటల కరెంటుకు ముందు, 2017లోనే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగారు. లైన్‌మన్ వచ్చి చెప్పినప్పుడు చిన్నాయన ఒక్కటే అడిగాడట: "కరెంటు రేపు కూడా ఇట్లాగే ఉంటుందని రాసిస్తావా?" లైన్‌మన్ నవ్వి వెళ్లిపోయాడు. డబ్బా కూడా అక్కడే ఉండిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఈ డబ్బాలోనే ఉంది. కరెంటు విషయంలో మన అలవాట్లు చాలా వరకు ఏదో ఒక కాలపు ప్రభుత్వ విధానానికి మనం చెప్పుకున్న జవాబులు. విధానం పోతుంది, జవాబు మిగిలిపోతుంది. దాన్ని పట్టుకుని జనాన్ని తిట్టడం వల్ల ఒక్క యూనిట్ కూడా మిగలదు. కోతల కాలంలో కొన్న ఇన్వర్టర్ మా వీధిలో సగం ఇళ్లలో ఇంకా గోడకు గుయ్యిమంటూనే ఉంది. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని రోజుల్లో అలవాటైన పెద్ద ట్యాంకులు ఇప్పటికీ పొంగి పొర్లుతూనే ఉన్నాయి.

ఉచిత కరెంటే మూలమని, దాన్ని తీసేస్తే అందరూ దారికి వస్తారని కొందరు మిత్రులు వాదిస్తారు. సాధారణంగా వాళ్ల ఇంట్లో రెండు ఏసీలు ఉంటాయి. నేను ఒప్పుకోను. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు మొదలైంది, మరుసటి ఏడాదే దానికి కొన్ని షరతులు జోడించారు: ఐఎస్ఐ గుర్తు ఉన్న మోటారు, కెపాసిటర్, నీటి ఒరిపిడి తగ్గించే ఫుట్‌వాల్వ్, సన్నటి ఇనుప (జీఐ) గొట్టాల బదులు ప్లాస్టిక్ గొట్టాలు. నాలుగూ పెట్టుకుంటే అదే నీటికి కరెంటు గణనీయంగా తగ్గుతుంది. కెపాసిటర్ ఉంటే లైను మీద కరెంటు భారం తగ్గి, చివరి పొలం దాకా ఓల్టేజీ నిలబడుతుంది, మోటార్లు కాలడం తగ్గుతుంది. చాలా మంచి బేరం. ప్రభుత్వం కరెంటు ఇస్తుంది, రైతు మోటారు బాగు చేసుకుంటాడు. ఆ బేరంలో మొదటి సగం మాత్రమే నిలిచింది. రెండో సగాన్ని అడిగే ధైర్యం తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ చేయలేదు, ఏ రంగు జెండా అయినా సరే. ఈ రోజు ఏ ఊరి పొలాల్లోనైనా తిరిగి చూడండి, కెపాసిటర్ ఉన్న స్టార్టర్ కోసం వెతకాలి. పదేపదే వైండింగ్ చేయించిన మోటార్లు, కాగితం మీద 5 హెచ్‌పీ, బావిలో ఏడున్నర.

కొత్త మోటారు రైతు ఎందుకు కొంటాడు? బిల్లు అతనిది కాదు. పాతది కాలిపోతే వైండింగ్‌కు అయ్యే ఖర్చు తక్కువ, కొత్తదానికి అయ్యేది ఎక్కువ. కొత్త మోటారు వల్ల మిగిలే కరెంటు డబ్బు ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. అలాంటప్పుడు కొనవలసింది ఎవరు? సబ్సిడీ కట్టేవాళ్లే. ఇది దానం కిందికి రాదు. ఏటేటా కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కంకు) కట్టే సొమ్ములో కొంత ఒకసారి మోటారు మీద పెడితే ఆ తర్వాత ఏళ్ల తరబడి బిల్లు తగ్గుతుంది. పంజాబ్ 2018లో ఇంకో దారి పట్టింది. రైతుకు ఇంత కోటా అని నిర్ణయించి, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయలు అతని ఖాతాలో వేసింది. ఇష్టమున్నవాళ్లే చేరవచ్చు. కరెంటు ఉచితంగానే ఉంది, పొదుపుకు మాత్రం ధర వచ్చింది. మన దగ్గర ఇది చెప్పగానే "మోటార్లకు మీటర్లా!" అన్న కేక వినపడుతుంది. ఆ కేకకు కారణం ఉంది. మీటరు పెట్టాక రేపు బిల్లు రాదని ఎవరు నమ్ముతారు? చిన్నాయన లైన్‌మన్‌ను అడిగిందీ ఇదే ప్రశ్న. ఎన్ని గంటల కరెంటు అన్న చర్చ మొదలుపెట్టినా అది రెండు నిమిషాల్లో ఎన్నికల సభగా మారిపోతుంది.

మోటారును దాటి ఇంకొంచెం వెనక్కి వెళ్తే వరి కనిపిస్తుంది. మార్చిలో యాసంగి వరి పొట్టకొచ్చే వేళకే పట్టణాల్లో ఏసీలు మొదలవుతాయి, రెండూ కలిసి రాష్ట్ర గరిష్ఠ డిమాండును పైకి తోస్తాయి. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. అలాంటి గంటల్లో కరెంటు ఎక్స్ఛేంజీలో కొనాలంటే యూనిట్ ధర పరిమితి అయిన 10 రూపాయల దాకా పోవచ్చు. వరిని కొనేది ప్రభుత్వం, సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చేది ప్రభుత్వం, నీరు తోడే కరెంటు ఇచ్చేది ప్రభుత్వం. ఇన్ని చేశాక ఆరుతడి పంటలు వేయమని కరపత్రం పంచితే రైతు దాన్ని ఏం చేసుకుంటాడు? వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర ఒక ఏడాది నింగిలో, మరో ఏడాది నేల మీద ఉంటుంది. డ్రిప్ కింద మిర్చికి పట్టే నీరు వరితో పోలిస్తే చాలా తక్కువ, కానీ వరికి ఉన్న హామీ దానికి లేదు. రైతు చేలో వేసే పంట కూడా ఇంధన విధానమే అని సచివాలయంలో ఎవరైనా వ్యవసాయ శాఖను, విద్యుత్ శాఖను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాలి.

నీటిని ఎత్తిపోయడం గురించి కూడా ఒక మాట. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగుల) నీటిని 100 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే పంపుల నష్టాలు కలుపుకుని సుమారు కోటి యూనిట్లు కావాలి. ఇది రాజకీయం కాదు, బడిలో చెప్పిన భౌతికశాస్త్రం. కాళేశ్వరంలో మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల ఎత్తున ఉన్న గోదావరిని కొండపోచమ్మ సాగర్ దాకా, అంటే 600 మీటర్లు దాటిన ఎత్తుకు తీసుకుపోవాలని తలపెట్టారు. పిల్లర్లు కుంగిన కథ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. కుంగకపోయినా కరెంటు బిల్లు ఉండేది. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టినప్పుడు నీరు పల్లానికి పోతుందన్న ఒక్క సూత్రం మీద కట్టారు. తూము ఎత్తితే నీరు పొలానికి పోతుంది, ఎనిమిది వందల ఏళ్లుగా ఒక్క యూనిట్ ఖర్చు లేదు. శ్రీరామసాగర్ నుంచి వచ్చే ఈ కాలపు కాకతీయ కాలువ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో 46 వేల చెరువులు బాగుచేయాలనుకోవడం నా దృష్టిలో ఈ రాష్ట్రం తలపెట్టిన అతి పెద్ద కరెంటు పొదుపు పథకం. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవలేదు, అందుకే కాబోలు తర్వాత పూడిక మళ్లీ చేరుతుంటే విద్యుత్ శాఖకు పట్టలేదు.

ఇక పట్నానికి వద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈ కాలపు రోళ్లు మన స్లాబులు. మట్టెవాడలో, ఖిలా వరంగల్‌లో మిగిలి ఉన్న పాత ఇళ్లలోకి మే నెలలో మధ్యాహ్నం అడుగుపెట్టి చూడండి: మూరెడు మందం గోడలు, ఎత్తైన పెంకుల కప్పు, మధ్యలో గాలి ఆడే వాకిలి. ఆ పక్కనే కొత్తగా లేచిన మూడంతస్తుల ఇంట్లో నాలుగున్నర అంగుళాల గోడ, పడమటి వైపు అద్దాల కిటికీ, పైన నల్లబడిన స్లాబు. ఆ స్లాబు పగలంతా మింగిన వేడిని రాత్రంతా గదిలోకి వదులుతుంది. ఏసీ కొనాలన్న నిర్ణయం ఆ ఇంట్లో భార్యాభర్తలు తీసుకున్నది కాదు, మేస్త్రీ గోడ లేపిన రోజునే జరిగిపోయింది. తర్వాత 24 మీద పెట్టుకోవాలా, 20 మీద పెట్టుకోవాలా అన్నది చిన్న చర్చ.

ఆ చిన్న చర్చలో కూడా పని చేసింది ఉపదేశం కాదు. 2020 జనవరి నుంచి అమ్మే స్టార్ గుర్తు ఏసీలన్నీ స్విచ్ వేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని కేంద్రం నియమం పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. రిమోట్ నొక్కడానికి బద్ధకించే మనిషి స్వభావాన్ని ఈసారి మంచి పనికి వాడుకున్నారు, నాకు భలే నచ్చింది. ఎల్ఈడీ బల్బులదీ అదే కథ. 2014లో ప్రభుత్వం కొన్న ఎల్ఈడీ ఒక్కొక్కటి 310 రూపాయలు. ఉజాలా పథకంలో కోట్ల సంఖ్యలో ఒకేసారి కొనడంతో 2016కల్లా అది 38 రూపాయలకు దిగింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. పాత బల్బు వాడవద్దని ఎవరూ ప్రమాణాలు చేయించలేదు, ధర దిగింది, జనం మారారు.

ఇళ్ల కప్పుల విషయంలోనూ దారి కనబడింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటిది తేవడం అదే మొదలు. ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత, టైల్స్ లాంటివి ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి, ఇళ్లలో మాత్రం 600 గజాలు దాటిన స్థలాలకే. వరంగల్‌లో 600 గజాల ఇల్లు ఉన్నవాళ్లు ఎందరు? మా వీధిలో అన్నీ 150, 200 గజాలవే. విధానం వచ్చింది, మా వీధి దాకా రాలేదు. సున్నం పూస్తే గది రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది, ఏటా వేసవికి ముందు మళ్లీ పూయాలి, అంతే. ఇంటి ఆస్తిపన్నులో ఒక చిన్న రాయితీ ఇస్తే మార్చి నెలలో సున్నం దొరకదు.

రేకుల ఇంట్లో ఉండేవాళ్ల సంగతి మరచిపోతే ఈ చర్చంతా మేడమీది కబురవుతుంది. రేకుల కింద మే నెలలో పడుకునే ముసలమ్మకు ఇంకా ఎక్కువ ఫ్యాను కావాలి, తక్కువ కాదు. ఆమెకు పొదుపు పాఠం చెప్పడం సిగ్గుచేటు. అయితే ఆమె ఇంట్లో తిరిగే ఫ్యాను ఎలాంటిదన్నది ప్రభుత్వం అడగవలసిన ప్రశ్న. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యానుకు 20 యూనిట్ల తేడా.

2024 నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఆ 20 యూనిట్లు మిగిలితే లాభం ఆ ఇంటికి కాదు, ఖజానాకు. 120 యూనిట్లు కాల్చే ఇల్లు రెట్టింపు ధర పెట్టి ఈ ఫ్యాను ఎందుకు కొంటుంది? మోటారు దగ్గర చెప్పిన మాటే ఇక్కడా చెల్లుతుంది. జీరో బిల్లు ఇచ్చే చేయే ఫ్యాను కూడా ఇవ్వాలి. యూనిట్‌కు 4 రూపాయలు వేసుకున్నా మూడు, నాలుగేళ్లలో ఫ్యాను ధర తిరిగి వస్తుంది, ఎల్ఈడీలలాగా లక్షల్లో కొంటే ఇంకా ముందే. ఎన్నికలకు కూడా బాగుంటుంది, ఫ్యాను కంటికి కనబడుతుంది కదా.

200 అన్న గీత ఇంకో చిత్రమైన పని చేస్తోంది. 2022లో సవరించిన రేట్ల ప్రకారం 200 యూనిట్లు కాలిస్తే కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే మొదటి 200కు కూడా రేటు మారిపోయి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! సున్నా బిల్లు ఇంటికి ఇంకా దారుణం, ఒక్క యూనిట్‌తో మొత్తం బిల్లు మీద పడుతుంది. నెలాఖరు వచ్చేసరికి మా పక్కింటి వదిన మీటరు దగ్గరికి రెండు పూటలా వెళ్లి చూస్తుంది. ఇస్త్రీ వాయిదా, మిక్సీ బదులు రోలు, పిల్లలకు డాబా మీద పడక. నెల తిరగగానే అన్నీ యథాప్రకారం. కొందరు పై అంతస్తుకు వేరే మీటరు పెట్టించుకుని ఒక ఇంటిని రెండు ఇళ్లు చేశారు. పొదుపు వారోత్సవాల పోస్టర్లు చేయలేని పని ఆ గీత చేసింది, కాకపోతే గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లతో మాత్రమే, నెలలో చివరి వారం మాత్రమే. గీత బదులు మెట్లు ఉండి, ప్రతి మెట్టు దిగినందుకు ఎంతో కొంత చేతికి వస్తే నెలంతా చూస్తారు.

మనుషులకు లెక్క చూపిస్తే చాలు, మారతారని నమ్మేవాళ్లు ఉన్నారు. అమెరికాలో బిల్లుతో పాటు పొరుగిళ్ల వాడకాన్ని పోల్చి చూపించారు. సగటున 2 శాతం తగ్గింది. తీసిపారేయదగ్గది కాదు గానీ, దాని మీదే ఆధారపడి రాష్ట్రం నడవదు. జపాన్‌లో 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత టోక్యో, తొహోకు ప్రాంతాల్లో పెద్ద వినియోగదారులు వేసవిలో 15 శాతం తగ్గించి తీరాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇళ్లవాళ్లూ తోడయ్యారు. అంతకు ముందు 2005లోనే వేసవిలో ఆఫీసు ఏసీ 28 మీద పెట్టి, టై, కోటు లేకుండా రావచ్చని చెప్పి ఉన్నారు. చొక్కా నియమం మారిస్తే కరెంటు తగ్గుతుందని గ్రహించడం నాకు ముచ్చటేసింది. మన దగ్గర ఎండాకాలం పెళ్లికి సూటు వేసుకున్న వరుడి కోసం హాలు మొత్తాన్ని గడ్డకట్టిస్తాం.

ఉత్తర తెలంగాణ వాళ్లకు ఇదంతా దూరపు లెక్క కాదు. ఒక యూనిట్‌కు దాదాపు 700 గ్రాముల బొగ్గు. 200 యూనిట్ల ఇల్లు నెలకు 140 కిలోల బొగ్గు కాలుస్తున్నట్టు. ఆ బొగ్గు భూపాలపల్లిలో, గోదావరిఖనిలో, మంచిర్యాల వైపు భూమిని తవ్వి తెచ్చినది. చెల్పూరు థర్మల్ కేంద్రంలో 1,100 మెగావాట్లు, మంచిర్యాల దగ్గరి జైపూర్‌లో 1,200, రామగుండంలో అంతకంటే చాలా ఎక్కువ కరెంటు ఆ బొగ్గుతోనే తయారవుతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల పక్క ఊళ్లలో ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో అక్కడివాళ్లను అడగండి. రామగుండం జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు చూడముచ్చటగా ఉంటాయి, పగటి మోటార్లకు పనికొస్తాయి. ఆటో స్టార్టర్ రాత్రి రెండింటికి నడిపే మోటారుకు మాత్రం బొగ్గే దిక్కు.

డిస్కంలు తమ ఖర్చుల ప్రతిపాదనలు విద్యుత్ నియంత్రణ మండలికి ఇచ్చినప్పుడల్లా బహిరంగ విచారణ జరుగుతుంది. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. మన ఉత్తర డిస్కం కార్యాలయం హనుమకొండలోనే ఉంది. ఆ విచారణలకు రైతు సంఘాలవాళ్లు, పరిశ్రమల ప్రతినిధులు వస్తారు, ఇళ్ల తరఫున మాట్లాడేవాళ్లు అరుదు. వచ్చేసారికి నేను రాయబోయే కాగితంలో మూడు అడుగుతాను: సున్నా బిల్లు ఇళ్లకు డిస్కం ఖర్చుతో ఫ్యాన్ల మార్పిడి, కాలిన మోటారుకు వైండింగ్ బదులు కొత్త మోటారు ఇచ్చే పథకం ఒక్క సబ్‌స్టేషన్ కింద ప్రయోగంగా, ఆటో స్టార్టర్ తీసిన రైతుకు పగటి కరెంటు తగ్గించబోమని రాతపూర్వక హామీ. మూడోది చిన్నాయన పేరు మీద అడుగుతున్నాను. నువ్వు కూడా రా అంటే, "హామీ కాగితం మీద సంతకం ఎవరు పెడతారో ముందు కనుక్కో" అన్నాడు.